ఈమెయిల్ సేవ ఎంచుకోవడం ఎలా: ఇంటికొకటి, వ్యాపారానికొకటి

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో పిల్లలు ఒకరిద్దరైనా నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. నిరుడు వచ్చిన అమ్మాయి చేతిలో హాల్ టికెట్ ఉంది. దాని వెనక నెట్ సెంటర్ అతను పెన్సిల్‌తో రాసిచ్చిన ఈమెయిల్ చిరునామా, పాస్‌వర్డ్ ఉన్నాయి. పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం చెరిగిపోయింది. మెయిల్ తెరిచినప్పుడు ఇచ్చిన ఫోను నంబరు కూడా నెట్ సెంటర్ వాళ్లదే. ఆ సెంటర్ మూతపడి మూడు నెలలైంది. చెరిగిన అక్షరం ఏమై ఉంటుందో ఊహిస్తూ ఇద్దరం గంటన్నర కూర్చున్నాం. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ మెయిల్ తెరుచుకోలేదు.

మెయిల్ ఎంచుకోవడానికి సలహా అడిగేవాళ్లు సాధారణంగా ఎన్ని జీబీలు ఇస్తారు, ఉచితమేనా అని అడుగుతారు. నేను ముందుగా చూసేది మరొకటి. రేపు పాస్‌వర్డ్ మరిచిపోయినా, ఫోను పోయినా, ఆ సంస్థతో మీకు పొసగకపోయినా ఈ చిరునామా మీ చేతిలో ఉంటుందా? బ్యాంకు, పన్నులు, ఉద్యోగం అన్నింటికీ తాళంచెవి మెయిలే అయినప్పుడు, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తేల్చుకున్నాకే మిగతావి చూడాలి. కింద చెప్పే పనులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

1. ముందు కాగితం మీద లెక్క తేల్చుకోండి

కొత్త సేవ వెతికే ముందు, ఇప్పుడున్న మెయిల్‌ను ఎక్కడెక్కడ ఇచ్చారో రాయండి. బ్యాంకు, ఆదాయపు పన్ను ఖాతా, పీఎఫ్, డిజీలాకర్, పాస్‌పోర్టు, బీమా, డీమ్యాట్, పిల్లల కాలేజీ. వ్యాపారం ఉంటే జీఎస్టీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, టెండర్ల పోర్టల్ కూడా. ప్రతిదాని పక్కన అక్కడ ఏ మెయిల్ ఉందో, అది ఈ రోజు మీరు తెరవగలరో లేదో రాయండి.

జీఎస్టీ దగ్గరికి వచ్చేసరికి చాలామంది చిన్న వ్యాపారుల పెన్ను ఆగిపోతుంది. అక్కడ ఉన్నది తమ మెయిల్ కాదు, రిటర్నులు వేసే అకౌంటెంటుది. నోటీసు వచ్చినా ఓటీపీ వచ్చినా ఆయనకే వెళుతుంది. ఆయన ఎంత నమ్మకస్థుడైనా ఊరు మారవచ్చు, జబ్బుపడవచ్చు. ఆయన చూడని నోటీసుకు గడువు దాటితే జరిమానా కట్టేది మీరు. పోర్టల్‌లో నాన్ కోర్ సవరణ కింద అధీకృత సంతకందారు మెయిల్, మొబైల్ నంబరు మార్చుకోవచ్చు. ఈ వ్యాసంలో మరేదీ చేయకపోయినా ఈ ఒక్క పని చేయండి.

జాబితా పూర్తయ్యాక దాన్ని రెండుగా విడదీయండి: ఇంటి పనులు, వ్యాపార పనులు. ఈ రెండింటికీ ఒకే మెయిల్ వాడవద్దు. దుకాణం మెయిల్‌ను గుమస్తా కూడా చూడాల్సి వస్తుంది. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆయన కంటపడాల్సిన అవసరం లేదు.

2. ఇంటి అవసరాలకు సేవను ఎంచుకోండి

బ్రౌజర్‌లో తెరిచే మెయిల్ వచ్చి ముప్పై ఏళ్లు కావస్తోంది. సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి 1996 జులై 4న హాట్‌మెయిల్‌ను మొదలుపెట్టారు. అంతకుముందు చాలామందికి నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థే మెయిల్ కూడా ఇచ్చేది. కనెక్షన్ మానేస్తే చిరునామా కూడా పోయేది. ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మన ఉత్తరాలు మనకు కనిపించడం ఆ రోజుల్లో గొప్ప స్వేచ్ఛ. హాట్‌మెయిల్‌ను 1997లో మైక్రోసాఫ్ట్ కొన్నది. ఇప్పుడు దాని పేరు అవుట్‌లుక్.

ఇక ఎంపిక. ఆండ్రాయిడ్ ఫోను వాడే మామూలు కుటుంబానికి నేను జీమెయిల్‌నే చెబుతాను. ఆ ఫోనుకు గూగుల్ ఖాతా ఎలాగూ ఉంటుంది. పెద్దవాళ్లకు రెండో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే బెడద తప్పుతుంది. పనికిరాని మెయిళ్లను బాగా ఏరేస్తుంది. తెలుగులో వెతికినా ఉత్తరాలు దొరుకుతాయి.

అయితే దానితో ఒక చిక్కు ఉంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కు మాత్రమే చెందినది కాదు. ఫొటోలు, డ్రైవ్‌లోని ఫైళ్లు, ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ బ్యాకప్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. పెళ్లి వీడియోలు, రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు కలిసి ఆ గది నింపేస్తాయి. నిండిన తరువాత కొత్త ఉత్తరాలు మీకు చేరకుండా వెనక్కి వెళ్లిపోతాయి. మీకు మెయిల్ పంపిన మనిషికి మాత్రమే ఆ సంగతి తెలుస్తుంది. అందుకే వాట్సాప్ బ్యాకప్ సెట్టింగులో వీడియోలను తీసేయండి. గూగుల్ ఖాతాలో ఎంత జాగా మిగిలిందో మూడు నెలలకు ఒకసారి చూడండి.

మరో సంగతి. రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. అమ్మానాన్నల పేరున మెయిల్ తెరిచి మరిచిపోయిన ప్రవాసులు దీన్ని గమనించాలి. పండగకు ఫోను చేసినప్పుడు ఆ మెయిల్ కూడా ఒకసారి తెరిపించండి.

ఆఫీసులో రోజంతా వర్డ్, ఎక్సెల్‌తో పనిచేసేవాళ్లకు అవుట్‌లుక్ చేతికి అలవాటైన పనిముట్టులా ఉంటుంది. ఉచిత ఖాతాలో మెయిల్‌కు 15 జీబీ ఇస్తారు. యాహూ ఉన్నవాళ్లు ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకోవచ్చు. కొత్తగా తెరవమని మాత్రం నేను చెప్పను. 2013లో జరిగిన చోరీలో దాదాపు 300 కోట్ల యాహూ ఖాతాలు, అంటే అప్పుడున్న ఖాతాలన్నీ, దెబ్బతిన్నాయని ఆ సంస్థే 2017లో ఒప్పుకుంది. అప్పటి పాస్‌వర్డ్‌ను ఇంకా ఎక్కడైనా వాడుతుంటే ఈ రోజే మార్చండి.

న్యాయవాదులు, విలేకరులు, రోగుల వివరాలు చూసే వైద్యులు ప్రోటాన్ మెయిల్ గురించి ఆలోచించాలి. ఇది 2014లో మొదలైన స్విట్జర్లాండ్ సేవ. పెట్టెలో ఉన్న ఉత్తరాలను ఆ సంస్థ కూడా చదవలేని విధంగా రహస్య సంకేతాల్లోకి మార్చి దాస్తుంది. ఈ భద్రతకు మీరు చెల్లించే మూల్యం ఒకటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయి కొత్తది పెట్టుకుంటే ఖాతా తెరుచుకుంటుంది కానీ, ముందుగా రికవరీ పదాలు దాచుకోకపోతే పాత ఉత్తరాలు చదవడానికి రావు. జర్మనీ సేవ టూటా కూడా ఈ కోవలోదే. అందులో ఉచిత ఖాతాను ఆరు నెలలు తెరవకపోతే తీసేస్తారు. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి దాచే అలవాటు లేని ఇంట్లో వీటిని పెట్టవద్దు.

3. చిరునామాలో పేరు ఎలా ఉండాలి

పేరు, ఇంటి పేరు చాలు. ఎవరైనా ఫోనులో అడిగితే ఒక్కసారి చెప్పగానే రాసుకోగలగాలి. లక్ష్మి, శ్రీనివాస్ లాంటి పేర్లను ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. మీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే పెట్టండి. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకటే చిరునామా. చుక్క ఉంది కాబట్టి అది వేరే మనిషిదని అనుకోకండి.

పేరు పక్కన పుట్టిన సంవత్సరం మాత్రం పెట్టవద్దు. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ ఫైలు తెరిచే పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అంటే పేరు, సంవత్సరం కలిపి మెయిల్ చిరునామా పెట్టుకున్న మనిషి ఆ పాస్‌వర్డ్‌ను కనిపించిన ప్రతివారికీ చెబుతున్నట్లే. జెరాక్స్ దుకాణంలో ఆ ఫైలు మిగిలిపోతే ఎవరైనా తెరిచేస్తారు.

చిరునామాను తెలుగు లిపిలోనే పెట్టుకోవాలని కొందరికి ఆశ ఉంటుంది. నాకూ ఉంది. అందుకు కావలసిన సాంకేతిక ప్రమాణాలు 2012లోనే వచ్చాయి. చిరునామా చివర పెట్టుకునే డాట్ భారత్ తెలుగు లిపిలోనూ దొరుకుతుంది. కానీ చాలా దరఖాస్తు ఫారాలు ఆ చిరునామాను ఇప్పటికీ తప్పుగా చూపిస్తాయి. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల చిరునామాను బ్యాంకుకు ఇచ్చి, తెలుగుదాన్ని ఆప్తులతో ఉత్తరాలకు వాడుకోండి. ఉత్తరం లోపల తెలుగు రాయడానికి ఏ సేవలోనూ ఇబ్బంది లేదు.

4. అదే రోజు రికవరీ ఏర్పాట్లు చేయండి

ఖాతా తెరిచి రికవరీ సంగతి తరువాత చూద్దామనుకునేవాళ్లే ఎక్కువ. ఆ తరువాత ఎప్పుడూ రాదు. ఈ నాలుగు పనులూ అదే రోజు, అదే కుర్చీలో కూర్చుని చేయండి.

మీ సొంత ఫోను నంబరు ఇవ్వండి. రెండో మెయిల్‌గా భార్యది, భర్తది లేదా బాగా తెలిసిన తోబుట్టువుది ఇవ్వండి. పాస్‌వర్డ్‌తోపాటు మరో ఆధారం అడిగే రెండంచెల తనిఖీని ఆన్ చేసి, ఓటీపీ సందేశం మీదే ఆధారపడకుండా, ఫోనులోనే కోడ్లు చూపించే ఆథెంటికేటర్ యాప్ లేదా ఫోను తాళంతోనే తెరుచుకునే పాస్‌కీ కూడా పెట్టుకోండి. చివరగా బ్యాకప్ కోడ్లు దించుకోండి. గూగుల్ ఎనిమిది అంకెల కోడ్లు పది ఇస్తుంది. వాటిని ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే ఫోనుతోపాటే పోతాయి. కాగితం మీద ముద్రించి, పట్టాదారు పాసు పుస్తకం ఉండే చోట పెట్టండి.

ఫోను నంబరు విషయంలో జాగ్రత్త. రీచార్జి చేయక వదిలేసిన నంబరు రద్దయ్యాక, 90 రోజుల తరువాత వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ మెయిల్ ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగుతుంది. నంబరు మార్చిన రోజే మెయిల్‌లోనూ మార్చండి. అమెరికా చదువుకు వెళ్లే పిల్లలు విమానం ఎక్కకముందే ఆథెంటికేటర్ పెట్టుకుని వెళ్లాలి. భారత్ సిమ్ అక్కడ పనిచేయక, బ్యాంకు మెయిల్ తెరవలేక, అర్ధరాత్రి తండ్రికి ఫోను చేసే పిల్లలను చూశాను. అక్కడి విశ్వవిద్యాలయం ఇచ్చిన మెయిల్ చదువు ముగిశాక ఉండకపోవచ్చు. ఉద్యోగ అనుమతి కాగితాలకు, జీవితాంతం కావలసిన ఖాతాలకు మీ సొంత మెయిల్ కూడా ఇచ్చి ఉంచండి.

చెప్పడానికి మనసు రాని పని ఇంకొకటి ఉంది. గూగుల్ ఖాతాలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు ఉంటుంది. మీరు కొన్ని నెలలు ఖాతా తెరవకపోతే దాని సంగతి ఎవరికి తెలియజేయాలో, ఏం చూడనివ్వాలో అందులో ముందే చెప్పవచ్చు. ఇంటి పెద్ద హఠాత్తుగా పోయినప్పుడు ఏ పాలసీలు ఉన్నాయో, ఏ బ్యాంకులో ఎంత ఉందో తెలియక కుటుంబం పడే అవస్థ ఈ పది నిమిషాల పనితో తగ్గుతుంది.

5. వ్యాపారానికి మొదట డొమైన్ కొనండి, ఆ తరువాతే మెయిల్

దుగ్గిరాలలో పసుపు వ్యాపారం చేసే మా బాబాయికి ఏడేళ్ల కిందట ఒకతను వెబ్‌సైట్, మెయిల్ రెండూ చేసిచ్చాడు. బాబాయి ఆ చిరునామాను విజిటింగ్ కార్డుల మీదే కాక బస్తాల మీద కూడా అచ్చు వేయించాడు. మూడేళ్లు బాగానే నడిచింది. ఒక రోజు దుబాయ్ కొనుగోలుదారు ఫోను చేసి, "మీకు పంపిన మెయిల్ తిరిగొచ్చింది, వ్యాపారం ఆపేశారా?" అని అడిగాడు. విచారిస్తే, ఆ డొమైన్‌ను, అంటే చిరునామాలో @ గుర్తు తరువాత వచ్చే పేరును, అతను తన పేరున, తన కార్డుతో కొన్నాడని తేలింది. తరువాత అతను వేరే పనిలోకి వెళ్లిపోయాడు. గడువు తీరినా పొడిగించలేదు. ఆ పేరును ఇంకెవరో కొనేశారు. "ఇన్నాళ్లూ నా పేరు కూడా నాది కాదన్నమాట" అన్నాడు బాబాయి. అచ్చు వేసిన బస్తాలు ఇంకా గోడౌన్‌లో ఉన్నాయి.

అందుకే డొమైన్‌ను మీరే కొనండి. మీ పేరున లేదా సంస్థ పేరున, మీ కార్డుతో. డాట్ ఇన్, డాట్ కామ్ పేర్లు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి మురిసిపోకుండా రెండో ఏడాది ధర చూడండి. ఆటో రెన్యువల్ పెట్టండి. వీలైతే మూడు నాలుగేళ్లకు ఒకేసారి కట్టేయండి. డొమైన్ అమ్మిన సంస్థ దగ్గర మీ ఖాతాకు మీ వ్యక్తిగత మెయిల్ ఇవ్వండి, అదే డొమైన్ మీద ఉన్న మెయిల్ ఇవ్వవద్దు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది. అప్పుడు బాగు చేసుకోవడానికి వచ్చే లింకు అందుకునే దారే ఉండదు.

డొమైన్ మీ చేతిలో ఉంటే మెయిల్ సేవ అద్దె ఇల్లు లాంటిదే. నచ్చకపోతే ఖాళీ చేసి మరో దానిలోకి వెళ్లవచ్చు, చిరునామా మారదు. ఆ ధైర్యంతో ఇప్పుడు సేవ చూడండి.

ఐదుగురి లోపు పనిచేసే చోట జోహో మెయిల్ ఉచిత పథకంతో మొదలుపెట్టవచ్చు. ఐదుగురికి తలా 5 జీబీ ఇస్తారు. బ్రౌజర్‌లోనూ జోహో యాప్‌లోనూ తెరవాలి, వేరే మెయిల్ యాప్‌లలోకి తెచ్చుకునే వీలు ఆ పథకంలో లేదు. శ్రీధర్ వెంబు, సహచరులు 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలుపెట్టిన సంస్థ ఇది. తిరుపతి పక్కన రేణిగుంటలోనూ దానికి కార్యాలయం ఉంది. 2025 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా తన మెయిల్‌ను జోహోకు మార్చుకున్నట్లు ప్రకటించాక దీని గురించి అడిగేవాళ్లు పెరిగారు. దేశీయమని మాత్రమే కాదు, చిన్న వ్యాపారికి లెక్క కుదురుతుందని నేను దీన్ని చెబుతాను.

పదిమంది కలిసి ఒకే ఫైలు మీద పనిచేసే చోట, సంస్థల కోసం గూగుల్ ఇచ్చే వర్క్‌స్పేస్ సేవ సుఖం. చిన్న పథకంలో ఒక్కొక్కరికి 30 జీబీ ఉంటుంది. ఆడిటింగ్, నిర్మాణ రంగాల్లో ఎక్సెల్ లేనిదే పూట గడవదు కాబట్టి అక్కడ మైక్రోసాఫ్ట్ 365 సరిపోతుంది. వెబ్‌సైట్ హోస్టింగ్‌తో ఉచితంగా వచ్చే మెయిల్‌ను మాత్రం నమ్ముకోవద్దు. ఒకే సర్వర్‌ను వందలమంది పంచుకుంటారు. అందులో ఒకడు చెత్త మెయిళ్లు పంపితే మీ కొటేషన్లు కూడా స్పామ్‌లో పడతాయి.

ధర లెక్కేసేటప్పుడు నెలకు ఒక్కరికి అని రాసిన అంకెను పన్నెండుతో, మనుషుల సంఖ్యతో గుణించి, జీఎస్టీ కలిపి చూడండి. పథకాలు తరచూ మారుతుంటాయి కాబట్టి చేరే రోజున మళ్లీ సరిచూసుకోండి. సేల్స్, అకౌంట్స్ లాంటి పేర్లతో పెట్టే చిరునామాలకు విడిగా డబ్బు కట్టనక్కరలేదు. వాటిని ఏలియాస్‌గానో గ్రూపుగానో పెట్టి, ఉన్న మనిషి పెట్టెలోకే వచ్చేలా చేయవచ్చు.

6. డొమైన్‌లో నాలుగు రికార్డులు పెట్టించండి

ఇది కొంచెం సాంకేతికమైన పని. సేవ ఇచ్చే సంస్థ చూపించే వరుసలను డొమైన్ ఖాతాలోని డీఎన్ఎస్ పేజీలో అతికించాలి. మీ పేరున వచ్చే ఉత్తరాలు ఏ సర్వర్‌కు చేరాలో ఎంఎక్స్ చెబుతుంది. మీ పేరుతో ఎవరు పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ ప్రతి ఉత్తరం మీద ముద్ర వేస్తుంది. ఈ తనిఖీల్లో తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో కఠినంగా ఉన్నాయి. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లకు (గూగుల్ లెక్కలో జీమెయిల్ ఖాతాలకు రోజుకు ఐదు వేలు, ఆపైన) చివరి మూడూ తప్పనిసరి. మీరు రోజుకు పది పంపినా ఇవన్నీ పెట్టుకోండి.

పెట్టాక ఒక జీమెయిల్ ఖాతాకు ఉత్తరం పంపండి. కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ నొక్కండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా పాస్ అని కనిపించాలి. ఈ పని మరొకరు చేసిపెడితే, డబ్బు ఇచ్చే ముందు ఆ మూడు పాస్‌లు మీ కళ్లతో చూడండి.

ఈ రికార్డులు మీ డొమైన్ పేరునే వాడే దొంగ ఉత్తరాలను ఆపుతాయి. ఒక్క అక్షరం మార్చి కొన్న పేరుతో వచ్చేవాటిని ఆపలేవు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు కొత్త ఖాతాకు పంపండి" అని సరుకు పంపేవారి పేరున మెయిల్ వస్తే, ఆ ఉత్తరంలోని నంబరుకు కాకుండా మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోను చేసి అడిగాకే డబ్బు పంపండి. ఈ మాట అకౌంట్స్ చూసేవారి బల్ల ముందు రాసి అంటించండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్మును ఆపడం కష్టమవుతుంది.

7. మనుషుల ఏర్పాటు, పాత మెయిల్ నుంచి మారడం

ప్రతి ఉద్యోగికీ విడిగా ఖాతా ఇవ్వండి. ఒకే పాస్‌వర్డ్‌ను నలుగురు వాడితే ఎవరు ఏం పంపారో తేలదు, ఒకరు మానేస్తే నలుగురికీ మార్చాలి. అడ్మిన్ ఖాతా యజమాని దగ్గర ఉండాలి. ఉద్యోగి వెళ్లిపోయే రోజున పాస్‌వర్డ్ మార్చి, ఆ ఉత్తరాలు మీకు వచ్చేలా పెట్టండి.

పాత మెయిల్‌ను వెంటనే మూయకండి. దానికి వచ్చేవి కొత్తదానికి చేరేలా ఫార్వర్డింగ్ పెట్టండి. పాత ఉత్తరాలను సేవలోనే ఉండే ఇంపోర్ట్ సదుపాయంతో తెచ్చుకోండి. జీమెయిల్ అయితే గూగుల్ టేకవుట్‌తో ఒక ప్రతిని హార్డ్ డిస్కులోకి కూడా దించుకోండి. మొదట రాసిన జాబితా తీసి, బ్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే మారుస్తూ కొట్టేయండి. ఏడాదికోసారి మాత్రమే మెయిల్ పంపే బీమా, డొమైన్ సంస్థల వంటివి ఉంటాయి కాబట్టి పాతదాన్ని కనీసం ఏడాది ఉంచండి.

అన్నీ అయ్యాక ఒక ఆదివారం ఈ పరీక్ష చేయండి. మీ ఫోనును పక్కన పెట్టండి. ఇంట్లో మరొకరి ఫోనులో బ్రౌజర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ఓటీపీ అడిగే చోట కాగితం మీది బ్యాకప్ కోడ్ ఇచ్చి మీ మెయిల్‌లోకి వెళ్లండి. తెరుచుకుంటే బయటకు వచ్చి, ఆ ఫోనులో మీ ఖాతా మిగలకుండా తీసేయండి. ఒకసారి వాడిన కోడ్ మళ్లీ పనిచేయదు. దాన్ని పెన్నుతో కొట్టేసి, కాగితాన్ని పాసు పుస్తకంలో తిరిగి పెట్టండి.